అంచులో కుట్టిన కాయిన్

ఆ గురువారం పొద్దున కాల్‌మురాత్ అనుకున్న పని చాలా చిన్నది. టీ తాగడం, జుమాదిల్ ఇంటిదాకా నడవడం, ఏటి ఒడ్డున ఉన్న అతని గడ్డిబీడు తాను కొంటానని మాటిచ్చి చెయ్యి కలపడం, తిండివేళకు తిరిగి ఇల్లు చేరడం. జుమాదిల్ కొడుకు పెళ్లి పెట్టుకుని ఆ బీడును అమ్మకానికి పెట్టాడు. అది చేతికొస్తే కాల్‌మురాత్ గుర్రాలకు చలికాలం గడిచిపోతుంది. రాకపోతే, మంచు పడ్డాక నారిన్ వైపు గడ్డి ధర అడగడానికే గుండె దిటవు కావాలి.

డబ్బుకు దిగులు లేదు. పాలలారీ తోలే రోజుల్లో, ఆనకట్ట దగ్గర షెడ్డు నిండా హోరుమనే మిషన్లు పెట్టి బిట్‌కాయిన్ తీసే పట్నపు మనిషి ఒకడు సామాను తోలించుకున్నాడు. కిరాయికి చేతిలో నోట్లు లేక ఫోన్‌లోకి కాసింత కాయిన్ పంపాడు. కాల్‌మురాత్ అది మోసమే అనుకున్నాడు గానీ మొహమాటం కొద్దీ ఏమీ అనలేదు. ఆ మోసం ఏళ్ల తరబడి అడక్కుండా పెరిగి, ఇప్పుడు ఒక గడ్డిబీడంత అయింది.

దాన్ని ఎక్కడ ఉంచాలన్న దాని మీదే ఇంట్లో రగడ. అల్లుడు తిలేక్ బిష్కెక్ నుంచి ఫోన్‌లో ఆన్‌లైన్ పక్షం మాట్లాడేవాడు, యాప్ కంపెనీ దగ్గరే ఉండనివ్వమని. బావమరిది షార్షెన్ కరెంటు పనివాడు, ఎదురుగా కూర్చుని ఆఫ్‌లైన్ పక్షం మాట్లాడేవాడు, నెట్ తగలని సొంత డబ్బీలోకి మార్చుకొమ్మని.

"ఊరి గొర్రెలన్నీ ఒకే కాపరికి అప్పజెప్పినట్టు బావా, ఆ కంపెనీ దగ్గర పెట్టడం," అన్నాడు షార్షెన్. "కాపరి మంచోడే. కానీ ఒక రోజు కొండ మీంచి కర్ర పట్టుకుని ఒక్కడే దిగొస్తాడు. అప్పుడు నీ గొర్రె ఏదని ఎవర్నడుగుతావ్?"

"సొంత దొడ్లో కట్టుకుంటే మాత్రం తోడేలు రాదా మామయ్యా?" ఫోన్‌లోంచి అరిచాడు తిలేక్. "పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీవాళ్లు మళ్లీ ఇస్తారు. షార్షెన్ గారి డబ్బీ ఇస్తుందా?"

"నీ కంపెనీ ఏ ఊళ్లో ఉందో చెప్పు చూద్దాం!"

"ఊళ్లో ఉండదండీ, ఆన్‌లైన్‌లో ఉంటుంది!"

"విన్నావా బావా? ఊరే లేదంట."

కాల్‌మురాత్ మాట తక్కువ మనిషి. రెండు పక్షాలూ విని, టీ పూర్తిచేసి, "దొడ్డి" అన్నాడు.

షార్షెన్ పట్నంనుంచి బొటనవేలంత డబ్బీ తెప్పించాడు. మంగళవారం దాన్ని ఫోన్‌కు తగిలించి, అన్నీ సిద్ధం చేసి, కాయిన్ పంపించే చోటుదాకా వచ్చేసరికి పైవీధిలో కరెంటు తీగ తెగిందని కబురొచ్చింది. "ఇంక నేనక్కర్లేదు బావా. అదేదో అడుగుతుంది, నిజం చెప్పి నొక్కు. అయ్యాక ఫోన్‌లో యాప్ తీసిపారెయ్. డబ్బీ ఎక్కడ దాచావో నాకు చెప్పకు, అక్కకీ చెప్పకు. ఒకరికి చెప్పావంటే అది మళ్లీ ఆన్‌లైన్ అయిపోయినట్టే!" అని మోటారుసైకిలెక్కాడు.

కాల్‌మురాత్ అడిగినదానికి జవాబు నొక్కాడు. యాప్ తీసేశాడు. ఇల్లంతా కలియజూశాడు. గోడవారన పెద్ద పెట్టె, దాని మీద పరుపులు, బొంతలు. పెట్టె అడుగున గోధుమరంగు మఖ్మల్ చాపాన్ ఉంది. కూతురి పెళ్లిలో వియ్యంకుడు ముకాష్ స్వయంగా అతని భుజాల మీద కప్పిన కోటు. ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. దాని అంచు విప్పి డబ్బీని లోపల పెట్టాడు. డబ్బీ పాడైతే అక్కరకొచ్చే మాటలు రాసిన చీటీని కూడా అందులోనే దూర్చాడు. ఒకచోట ఉంటే వెతుక్కునే పని ఉండదు. జీను కుట్టే సూదితో గట్టిగా కుట్టేశాడు.

ఆ లోయలో పెట్టుబడి చాపాన్‌ను ఎవరూ తొడుక్కోరు. అది ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, ఒక పెళ్లిలోంచి ఇంకో పెళ్లిలోకి నడుస్తూనే ఉంటుంది. ఇది కాల్‌మురాత్‌కు పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ ప్రతి మగవాడూ తన పెట్టెలో ఉన్నది మాత్రం తనదే అనుకుంటాడు.

గురువారం జుమాదిల్‌తో మాట కుదిరింది. శనివారం చీకటి పడేలోపు డబ్బు ఇవ్వాలి. ఆదివారం పెళ్లికూతురి వాళ్లకు తొమ్మిది చాపాన్‌లు, వాటి ముందు నడిపించడానికి ఒక గుర్రం, ఇంకా నానా సామగ్రీ తీసుకుని వెళ్లాలి. "మా నాన్న కోసిన బీడు," అన్నాడు జుమాదిల్, గడ్డి వైపు చూడకుండా. "ఏం చేస్తాం! తొమ్మిది లేకుండా వియ్యాలవారి గుమ్మం తొక్కుతామా?"

కాల్‌మురాత్ ఇల్లు చేరేసరికి వాకిట్లో కారు టైర్ల గుర్తులున్నాయి. భార్య బురుల్‌కాన్ టీ గిన్నెలు కడుగుతోంది.

"ఎవరొచ్చారు?"

"ముకాష్ అన్నయ్యగారు. సంతనించి పోతా పోతా దిగారు. పాపం, ఒక్క గిన్నె టీ తాగి లేచారు. వట్టి భుజాలతో పంపుతామా? చాపాన్ కప్పా."

"ఏ చాపాన్?"

"గోధుమరంగుది."

కాల్‌మురాత్ కూర్చున్నాడు. అక్కడ కూర్చోవడానికేమీ లేదని నేల తగిలాక తెలిసింది. డబ్బీ సంగతి చెప్పకూడదు. చెప్పదగ్గ మాట ఒక్కటే దొరికింది.

"అది... ఆయన నాకు కప్పిందే."

గిన్నె బురుల్‌కాన్ చేతిలోంచి జారింది. "అమ్మో! మన పిల్ల పెళ్లిలోదా? రెండు గోధుమరంగువి ఉన్నాయయ్యా, నేను రెండోదనుకున్నా! ఊరంతా ఒకే కొట్లో కొంటే నేనేం చెయ్యను? పెట్టింది తిరిగిచ్చామంటే మీ సంబంధం మాకొద్దన్నట్టే కదా! ఇంకా కూర్చున్నావేం? లే! పొట్టేల్ని ఎక్కించుకో. ఆ రెండోది పట్టుకెళ్లు. పొరపాటైందని కాళ్లావేళ్లా పడు, దాన్ని మాత్రం వెనక్కి తీసుకురా!"

కాల్‌మురాత్‌కు జీవితంలో భార్య మాట అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు. పొట్టేలును కారు వెనక సీట్లో ఎక్కించాడు.

ముకాష్ ఊరు చేరేసరికి వాకిట్లో ముకాష్, అతని భార్య అనార్‌కుల్ ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు. కాల్‌మురాత్ కారు దిగాడు. వెనక తలుపు తీశాడు. పొట్టేలు దిగింది. అనార్‌కుల్ నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది.

"చూశావా!" అంది భర్తతో. "పొద్దున చాపాన్ తిరిగిచ్చారు. ఇప్పుడు పొట్టేల్ని కూడా తిరిగిచ్చేస్తున్నారు. పిల్లని తీసుకుపోతారు, అంతే!"

"చెల్లెమ్మా, అది కాదు..." అన్నాడు కాల్‌మురాత్.

"బావగారూ, ఒక్క మాట," అన్నాడు ముకాష్, అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. "తప్పు మావాడిదైతే మీ ముందే చెప్పిస్తా. ఒరేయ్ తిలేక్! ఏం చేశావురా? నాకన్నీ తెలుసు. మీ మామగారు ఇక్కడే ఉన్నారు. నీ నోటితో చెప్పు!"

ఫోన్‌లోంచి తిలేక్ గొంతు సన్నగా వచ్చింది. "ఫ్రిజ్ డబ్బు నాన్నా... కాయిన్‌లో పెట్టా. మామయ్యకి కలిసొచ్చింది కదా అని..."

"ఏ ఫ్రిజ్ డబ్బు?" అంది వెనకనుంచి కాల్‌మురాత్ కూతురు. "కొట్లో ఫ్రిజ్‌లు అయిపోయాయన్నావు?"

ఆ తర్వాత ఫోన్‌లో వినిపించినది పెద్దలు వినదగ్గది కాదు. ముకాష్ ఫోన్ కట్టేశాడు.

కాల్‌మురాత్ ఆ ఏడాదంతా మాట్లాడేన్ని మాటలు ఆ సాయంత్రం మాట్లాడాల్సి వచ్చింది. రెండు గోధుమరంగు చాపాన్‌లు, ఒకే కొట్టు, భార్య పొరపాటు. చివరికి అనార్‌కుల్ కళ్లు తుడుచుకుని నవ్వింది. ముకాష్ అతణ్ణి రెండు చేతులా కావలించుకున్నాడు. పొట్టేలుకు ఏ పాపమూ తెలియకపోయినా ఆ ఆనందంలో దాని పని అయిపోయింది. పెద్ద అతిథికి పెట్టే తలకాయ కాల్‌మురాత్ ముందుకొచ్చింది. చెవి కోసి పిల్లలకిచ్చి, సమయం చూసి అడిగాడు.

"అయితే ఆ పాత చాపాన్... ఈ కొత్తదిచ్చి తీసుకుపోతా."

అనార్‌కుల్ మొహం మాడింది. "కోపంలో దాన్ని ఇంట్లో ఉంచబుద్ధి కాలేదు అన్నయ్యగారూ. మీరు రావడానికి కాసేపటి ముందే అబ్దిల్దా మాస్టారికి పంపేశా. రేపాయన ఉద్యోగ విరమణ విందు. మీరు బాధపడకండి!" అని లోపలికెళ్లి ఆకుపచ్చ చాపాన్ తెచ్చి, వద్దంటున్నా అతని భుజాల మీద కప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం కాల్‌మురాత్ ఆ ఆకుపచ్చ చాపాన్‌తోనే బడి దగ్గరికి వెళ్లాడు. మాస్టారి విందు అప్పటికే సాగుతోంది. మాస్టారు అతణ్ణి చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒరే కాల్‌మురాత్! బడి మానేసి పాలలారీ ఎక్కాక ఈ వైపు రావడం ఇదేనట్రా? ఇన్నాళ్లకి గుర్తొచ్చానా! జరగండ్రా, చోటివ్వండి. వీడు మాట్లాడతాడు!"

"నేనా మాస్టారూ?"

"తరగతిలో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పాల్సిందే."

చేతిలో ఎవరో గ్లాసు పెట్టారు. అందరూ చేతులు ఆపి చూస్తున్నారు. కాల్‌మురాత్ లేచాడు. గది నలుమూలలా చూశాడు. మూలన కానుకల కుప్పలో నీలం ఉంది, ఎరుపు ఉంది, గోధుమరంగు లేదు.

"మాస్టారు..." అన్నాడు. "మంచివారు." మనసులో ఉన్నదే బయటకొచ్చింది. "చాపాన్ ఏదీ?"

గది గొల్లుమంది. "భలే! కానుకిస్తానని ఎంత చమత్కారంగా చెప్పాడు!" అన్నారు పక్కవాళ్లు. మాస్టారు అప్పటికే లేచి, అతని వైపు వీపు తిప్పి, భుజాలు చాపి నిలబడ్డాడు. కాల్‌మురాత్ ఒంటి మీది ఆకుపచ్చ చాపాన్ విప్పి కప్పాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

సందడి తగ్గాక మాస్టారి చెవిలో అడిగాడు. "ముకాష్ గారింటినించి ఒకటి వచ్చిందట కదా మాస్టారూ, గోధుమరంగుది?"

"వచ్చింది. పొద్దున్నే పోయింది. జుమాదిల్ పెళ్లిపిలుపుకి వచ్చాడు. పాపం, వాడికి తొమ్మిది పోగవడం లేదు. ఇచ్చేశా. ఏం, మంచి పని కాదా?"

"మంచి పనే," అన్నాడు కాల్‌మురాత్.

శనివారం తెల్లవారగానే జుమాదిల్ గుమ్మంలో ఉన్నాడు. గోడవారన చాపాన్‌లు వరసగా మడతపెట్టి ఉన్నాయి. అన్నిటికీ పైన గోధుమరంగుది. దాని అంచున జీను దారం కుట్టు కాల్‌మురాత్‌కు గుమ్మంలోంచే కనిపించింది.

"డబ్బు తెచ్చావా అన్నా?" అన్నాడు జుమాదిల్.

"సాయంత్రం. ముందు ఒక సాయం. ఆ పైది నాకివ్వు. దాని బదులు ఇదుగో, అచ్చం అలాంటిదే." చంకలో ఉన్న రెండో గోధుమరంగు చాపాన్ చూపించాడు.

జుమాదిల్ దాన్నీ చూశాడు, దీన్నీ చూశాడు. "అచ్చం అలాంటిదైతే మార్చడం దేనికి?"

"అది వియ్యంకుడు నాకు కప్పింది. పొరపాటున చేతులు మారింది."

"అన్నా, నాకది మాస్టారు ఇచ్చింది. శుభమా అని పెట్టిన దాన్ని కుప్పలోంచి తీస్తే అపశకునమని మా అమ్మ పీకమీద కూర్చుంటుంది. తొమ్మిది నిండితే అది వేరే మాట. ఇప్పటికి సగమే అయ్యాయి. నీ డబ్బొస్తే మధ్యాహ్నం సంతకి పరిగెత్తాలి."

ఆ డబ్బు ఆ చాపాన్‌లోనే ఉందని కాల్‌మురాత్ చెప్పలేడు. చెబితే అది ఊరంతటికీ ఆన్‌లైన్. తర్వాత చాలా రోజులపాటు తలుచుకుని విచారించిన మాట అన్నాడు.

"నీ తొమ్మిదీ నేను నింపుతా."

జుమాదిల్ నోరు తెరిచాడు. "ఊరికేనా?"

"ఊరికే."

"ముందు నడిచే గుర్రం?"

కాల్‌మురాత్ కళ్లు మూసుకున్నాడు. "రెండేళ్ల గోధుమరంగు గుర్రంపిల్ల ఉంది."

ఇంటికొచ్చి పెట్టె మూత ఎత్తగానే బురుల్‌కాన్ దాని మీద కూర్చున్నంత పనిచేసింది. "ఇది నేను ఎన్నేళ్లుగా కూడబెట్టిందయ్యా! రేపు మన చిన్నోడి పెళ్లికి ఏం కప్పుతావు, గోనెసంచులా?" చివరికి కాల్‌మురాత్ నిజం చెప్పాడు. డబ్బీ, చీటీ, జీను సూది, అంతా. బురుల్‌కాన్ పెట్టె పక్కన కూర్చుంది.

"అంటే," అంది నెమ్మదిగా, "ఎవరి చేతికీ చిక్కకూడదని చాపాన్‌లో పెట్టావు."

"ఊఁ."

"చాపాన్‌లో."

"ఊఁ."

"ఆ మాట నాతో అని ఉంటే నా పాత పరుపులో పెట్టేదాన్ని కదయ్యా! దాన్ని మా అమ్మ కూడా ఊరికే తీసుకోదు." అని లేచి, ఒక్కొక్క చాపాన్‌నూ బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు మడిచి ఇచ్చింది. పైన, తాను రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన ఉన్ని నమదా తివాచీ కూడా పెట్టింది. "ఇదీ ఇవ్వు. తొమ్మిదంటే వాళ్లమ్మ ఇంకేదో వంక పెడుతుంది. పేచీ లేకుండా నీ డబ్బీ తెచ్చుకో."

జుమాదిల్ తల్లి ఏ వంకా పెట్టలేదు. చాపాన్‌లు లెక్కచూసుకుంది, గుర్రంపిల్ల పళ్లు చూసింది, తివాచీని రెండుసార్లు తడిమింది. కాల్‌మురాత్‌ను వంచి నుదుటిన ముద్దుపెట్టుకుని, గోధుమరంగు చాపాన్ స్వయంగా చేతిలో పెట్టింది.

షార్షెన్‌ను పిలిపించారు. కాల్‌మురాత్ అంచు కోశాడు. డబ్బీ ఉంది. చీటీ ఉంది. బురుల్‌కాన్ అరచేతులతో మొహం తుడుచుకుని దేవుణ్ణి తలుచుకుంది. షార్షెన్ చీటీని చూసి తల పట్టుకున్నాడు. "రెండూ ఒకే చోటా? బావా, నువ్వు..." అని, బావ మొహం చూసి ఆపి, డబ్బీని ఫోన్‌కు తగిలించాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఊది మళ్లీ తగిలించాడు.

"బావా, ఇందులో ఏమీ లేదు."

"దొంగిలించారా?"

"కాదు. అసలెప్పుడూ ఏమీ రాలేదు. ఆ రోజు పంపేటప్పుడు అదేం అడిగింది?"

"పంపే చోటు చిరునామా మీరు స్వయంగా సరిచూశారా అని అడిగింది."

"నువ్వేం నొక్కావ్?"

"లేదు అని."

"లేదు అనా! ఎందుకూ?"

"నిజం చెప్పమన్నావు కదరా. సరిచూసింది నువ్వు, నేను కాదు."

షార్షెన్ గోడకు జేరబడ్డాడు. తిలేక్‌కు ఫోన్ కలిపారు. ఫ్రిజ్ గొడవలో ఉన్నా అల్లుడు వెంటనే ఎత్తి, పాస్‌వర్డ్ అడిగి మామగారి ఖాతా తెరిచి చూశాడు. కాయిన్ ఎక్కడుండేదో అక్కడే ఉంది. మంగళవారం కన్నా కాస్త పెరిగింది కూడా.

"నే చెప్పలా మామయ్యా! ఆన్‌లైన్ అంటే అదీ!" అన్నాడు, గురువారం తర్వాత మొదటిసారి మగవాడి గొంతుతో. "అమ్మెయ్యమంటారా? ఒక్క మాట చెప్పండి, గంటలో బ్యాంకులో పడుతుంది."

"జుమాదిల్ ముందు చెబుతా. ఫోన్ దగ్గర పెట్టుకో," అన్నాడు కాల్‌మురాత్.

ఇంకా చీకటి పడలేదు. కాల్‌మురాత్ మూడు రోజుల్లో మొదటిసారి తాపీగా నడిచాడు. దారిలో గడ్డిబీడు దగ్గర ఆగి, ఎక్కడినుంచి కొయ్యడం మొదలుపెట్టాలో, కుప్ప ఎక్కడ వెయ్యాలో చూసుకున్నాడు. జుమాదిల్ వాకిట్లో గుర్రంపిల్ల జూలుకు ఎర్ర రిబ్బన్లు కడుతున్నాడు.

"డబ్బు సిద్ధం," అన్నాడు కాల్‌మురాత్, తిలేక్‌కు ఫోన్ కలిపి. "ఊఁ అను, పంపిస్తా."

జుమాదిల్ రిబ్బన్ ముడి వేసి, చేతులు దులుపుకుని, దగ్గరికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"అన్నా, నువ్వు మామూలు మనిషివి కాదు. మా నాన్న బీడు అమ్మాల్సి వచ్చిందని నేను పడ్డ బాధ నువ్వొక్కడివే గ్రహించావు. నోటితో ఒక్క మాట అనకుండా, నా మొహం చిన్నబోకుండా, ఆ చాపాన్ వంక పెట్టుకుని అన్నీ నింపావు. మా అమ్మ అప్పుడే కనిపెట్టింది. ఇంక డబ్బు దేనికన్నా? నేను అమ్మాలనుకున్నదే ఈ తొమ్మిదికీ, ఈ గుర్రానికీ. ఇప్పుడవి వచ్చాయి, బీడు మిగిలింది. నా పిల్లలూ వాళ్ల పిల్లలూ నీ పేరు చెప్పుకుంటారు."

ఫోన్‌లో తిలేక్ "హలో? మామయ్యా? అమ్మమంటారా?" అంటున్నాడు.

కాల్‌మురాత్ గడ్డివైపు చూశాడు. జుమాదిల్‌ను చూశాడు. "వద్దు," అన్నాడు ఫోన్‌లో. జుమాదిల్ భుజం తట్టి ఇంటిదారి పట్టాడు.

ఆ చలికాలమంతా కాయిన్ భద్రంగానే ఉంది. గుర్రాలే కాస్త చిక్కాయి.